వెనుదిరగని ఓడ: సముద్రపు దొంగల ఆటల్లో శత్రువు తీరు

ఒక వీడియో గేమ్‌లో ఇద్దరు ఆటగాళ్ళు స్లూప్ అనే చిన్న తెరచాప ఓడ మీద నాలుగు నిధి పెట్టెలు వేసుకుని రేవు వైపు వస్తున్నారనుకుందాం. ఒకరు చుక్కాని చక్రం పట్టుకుని ఉంటే ఇంకొకరు కింది అరలో పటం ముందు నిలబడి దారి చెబుతుంటారు. ఉన్నట్టుండి వెనుక కొంత దూరంలో నీళ్ళు ఎసరు మరిగినట్టు పొంగుతాయి. ముందు తెరచాప కొయ్యల కొనలు, ఆ వెంట చినిగి వేలాడే తెరచాపలు, చివరకు నీళ్ళు ఓడుతూ గాలియన్ అనే పెద్ద ఓడ మొత్తం పైకి తేలుతుంది. దాని మీద ఉన్నవారందరూ అస్థిపంజరాలే. మొదటి గుండు స్లూప్‌కు అవతల నీళ్ళలో పడుతుంది, రెండోది దగ్గరగా పడి తుంపరలు లేపుతుంది, మూడోది అడుగున చెక్క పగలగొట్టి లోపలికి వస్తుంది. పటం చూస్తున్న ఆటగాడి పాదాల దగ్గరకు అప్పటికే నీళ్ళు చేరి ఉంటాయి.

ఇంగ్లండ్‌కు చెందిన రేర్ సంస్థ తయారు చేయగా మైక్రోసాఫ్ట్ 2018 మార్చి 20న విడుదల చేసిన సీ ఆఫ్ థీవ్స్‌లో ఇటువంటి అస్థిపంజరాల ఓడలు అదే ఏడాది జులై 31న, కర్స్‌డ్ సెయిల్స్ అనే నవీకరణతో వచ్చాయి. అంతకుముందు ఆ సముద్రం మీద ఎదురయ్యే ప్రతి ఓడనూ మనుషులే నడిపేవారు. మనుషుల ఓడ ఎప్పుడు కాల్పులు మొదలుపెడుతుందో, ఎప్పుడు స్నేహం నటిస్తుందో, ఎప్పుడు పారిపోతుందో ముందుగా చెప్పడం కష్టం. కంప్యూటర్ నడిపే ఓడకు ఆ స్వభావం సహజంగా రాదు, దాని ప్రతి కదలికనూ ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి. ఆ నిర్ణయాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే ఈ ఆటల్లో శత్రు ఓడకు ఏ విద్య బాగా అబ్బిందో, ఏది ఇంకా అబ్బలేదో తేటతెల్లమవుతుంది. గురి చూసి కొట్టడం, తిరగడం, చిల్లు పూడ్చుకోవడం దానికి తెలుసు. భయపడటం మాత్రం తెలియదు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ చివరి లోటు గురించే, కానీ అక్కడికి చేరాలంటే ముందు మిగిలిన మూడింటినీ చూడాలి.

గురితో మొదలుపెడదాం, ఎందుకంటే చాలామంది శత్రు ఓడ బలాన్ని దాని గురితోనే కొలుస్తారు. నిజానికి కంప్యూటర్‌కు అన్నిటికంటే తేలికైన పని అదే. ఫిరంగి గుండు సెకనుకు 75 మీటర్ల వేగంతో పోతుందని, లక్ష్యం 150 మీటర్ల దూరంలో ఉందని, అది సెకనుకు 8 మీటర్ల వేగంతో అడ్డంగా సాగుతోందని అనుకుంటే, గుండు చేరడానికి 2 సెకన్లు పడుతుంది, ఆ లోగా ఓడ 16 మీటర్లు ముందుకు జరుగుతుంది. కాబట్టి గురి ఓడ మీద కాక, ఓడకు 16 మీటర్ల ముందున్న ఖాళీ నీటి మీద పెట్టాలి. గుండు దారిలో కిందికి వంగుతుంది కనుక ఆ మేరకు ఫిరంగి మూతిని పైకెత్తాలి. మనిషికి ఈ అంచనా చేతికి అలవాటు కావడానికి వారాలు పడుతుంది. యంత్రానికి ఇది రెప్పపాటులో వెయ్యిసార్లు చేయగల లెక్క. ఆ లెక్కను ఉన్నదున్నట్టు వదిలేస్తే శత్రువు ప్రతి గుండూ తగులుతుంది, ఇద్దరు మనుషుల స్లూప్ నిమిషంలో మునుగుతుంది, ఆటగాడికి తాను చేసిన తప్పేమిటో కూడా తెలియదు.

అందువల్ల ఆటల తయారీలో గురి కుదర్చడం కన్నా గురి చెడగొట్టడం మీదే ఎక్కువ శ్రమ ఉంటుంది. సరైన జవాబు తేలాక దానికి కొంత పొరపాటు కలుపుతారు. ఆ పొరపాటు దూరంతో పెరిగేలా, లక్ష్యం ఒకే దారిన తిన్నగా పోతూ ఉంటే క్రమంగా తగ్గేలా చూస్తారు. మొదటి గుండ్లు కావాలని పక్కన పడేలా చేయడం కూడా చాలాకాలంగా ఉన్న పద్ధతి. అవతల పడ్డ మొదటి గుండు ఆటగాడికి ఒక కబురు మోసుకొస్తుంది: శత్రువు ఎటు ఉన్నాడు, ఎంత దూరంలో ఉన్నాడు, ఇంకెంత వ్యవధి ఉంది. రెండో గుండుకూ మూడో గుండుకూ మధ్య దొరికే ఆ కొద్ది క్షణాల్లోనే చుక్కాని తిప్పాలా, ఫిరంగి దగ్గరకు పరుగెత్తాలా అన్నది తేలుతుంది. గురి తప్పడం ఇక్కడ శత్రువు బలహీనత కాదు. శత్రువు ఆటగాడితో మాట్లాడే భాష అది.

గురి తర్వాతది తిరగడం. ఇది నిజంగా కష్టమైన పని. తెరచాప ఓడకు ఫిరంగులు పక్కల ఉంటాయి. ముందుకు చూసి పరుగెత్తి ముందుకే కొట్టే శత్రువును తయారు చేయడం సులువు, భూమి మీద నడిచే ఆటల్లో శత్రువులందరూ అలాంటివారే. ఓడ మాత్రం తన లక్ష్యం వైపు ముక్కు పెట్టినంత సేపూ దాన్ని కొట్టలేదు. కొట్టాలంటే పక్కకు తిరగాలి, పక్కకు తిరిగితే లక్ష్యానికి దూరమవుతుంది. దగ్గర కావాలన్న కోరికకూ కొట్టాలన్న కోరికకూ మధ్య తొంభై డిగ్రీల తేడా ఉందన్నమాట. సముద్రపు పోరాటానికి దాని రుచి ఇచ్చేది ఈ తొంభై డిగ్రీలే.

యంత్రం నడిపే ప్రాణులు, వాహనాలు ఎలా కదలాలన్న విషయంలో అమెరికన్ ప్రోగ్రామర్ క్రెగ్ రేనాల్డ్స్ చేసిన పనిని ఇక్కడ తలచుకోవాలి. పక్షుల గుంపు కదలికను మూడు చిన్న సూత్రాలతో తెర మీద చూపే పద్ధతిని ఆయన 1987లో ప్రకటించారు. 1999లో దాన్ని విస్తరించి వెంటాడటం, తప్పించుకోవడం, లక్ష్యం పోయే చోటును ముందే ఊహించి అడ్డగించడం, అడ్డంకిని తప్పుకోవడం వంటి కదలికలకు తేలికైన లెక్కలు ఇచ్చారు. ఒక్కో కదలిక ఒక్కో వైపు లాగే తాడు లాంటిది. ఆ తాళ్ళన్నిటి లాగుడునూ కలిపితే వాహనం నడిచే దిశ వస్తుంది. శత్రు ఓడకు కూడా ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. దూరంగా ఉన్నప్పుడు వెంటాడే తాడు బలంగా లాగుతుంది. ఫిరంగి దూరంలోకి రాగానే ఆ తాడు సడలి, లక్ష్యానికి సమాంతరంగా సాగమనే మరో తాడు బిగుసుకుంటుంది. మరీ దగ్గరైతే ఢీకొనకుండా పక్కకు లాగే తాడు పని చేస్తుంది. ఫలానా ఆటలో సరిగ్గా ఇవే సూత్రాలు రాశారని బయటినుంచి చెప్పలేం గానీ, తెర మీద కనిపించే నడక మాత్రం ఈ మూడు దశలకు దగ్గరగానే ఉంటుంది. శత్రువు వెనకనుంచి వస్తాడు, పక్కకు చేరతాడు, పక్కనే సాగుతూ కాలుస్తాడు.

ఈ నడకలోనే ఒక లొసుగు ఉంది, దాన్ని పట్టుకున్న ఆటగాళ్ళు ఎన్నో పోరాటాలు గెలిచారు. పెద్ద ఓడ మలుపు తిరగడానికి పెద్ద వలయం కావాలి, చిన్న ఓడకు చిన్న వలయం చాలు. సీ ఆఫ్ థీవ్స్‌లోని మూడు మామూలు ఓడల్లో స్లూప్ అందరికంటే తక్కువ చోటులో తిరుగుతుంది. నలుగురు నడిపే గాలియన్‌కు ఒక్కో పక్క నాలుగు ఫిరంగులు ఉంటే స్లూప్‌కు ఒక్కో పక్క ఒక్కటే ఉంటుంది. ఫిరంగుల లెక్కలో ఓడిపోయే స్లూప్ వలయం లెక్కలో గెలుస్తుంది. గాలియన్ గీస్తున్న పెద్ద వలయం లోపలికి దూరి, దాని వెనుక భాగానికి అంటిపెట్టుకుని తిరిగితే, నాలుగు ఫిరంగుల్లో ఒక్కదానికీ స్లూప్ కనపడదు. అవసరమైతే చుక్కానిని ఒక పక్కకు పూర్తిగా తిప్పి, ఒక్కసారిగా లంగరు వదిలితే ఓడ ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. ఆ ఆట ఆడేవారిలో ఈ లంగరు మలుపు తెలియనివారు అరుదు. మనిషి నడిపే గాలియన్ అయితే ఈ ఎత్తును రెండోసారి చూడగానే తెరచాపలు కొంత చుట్టి, వేగం తగ్గించి, వలయాన్ని చిన్నది చేస్తుంది. వలయం లోపలికి శత్రువు ఎందుకు వచ్చాడని ఆలోచించే అలవాటు లేని ఓడ మాత్రం అదే వలయాన్ని మళ్ళీ మళ్ళీ గీస్తూ పోతుంది.

మూడో విద్య చిల్లు పూడ్చుకోవడం. సీ ఆఫ్ థీవ్స్ మిగిలిన ఆటల కంటే ఎంతో పైన నిలిచేది ఇక్కడే. చాలా ఆటల్లో ఓడకు ఒక ప్రాణం గీత ఉంటుంది, గుండు తగిలిన ప్రతిసారీ ఆ గీత కాస్త తరుగుతుంది, సున్నాకు చేరగానే ఓడ పేలిపోతుంది. 2024 ఫిబ్రవరిలో యూబీసాఫ్ట్ విడుదల చేసిన స్కల్ అండ్ బోన్స్ ఈ దారిలోనే నడుస్తుంది. ఓడకు స్థాయి ఉంటుంది, ప్రాణం గీత ఉంటుంది, కొడితే ఎక్కువ దెబ్బ తగిలే బలహీన స్థానాలు ఉంటాయి. ఆ పద్ధతి స్పష్టమైనదే, తప్పు పట్టనక్కరలేదు. అయితే అందులో గుండు తగలడం అంటే ఒక అంకె నుంచి ఇంకో అంకె తీసివేయడమే. సీ ఆఫ్ థీవ్స్‌లో గుండు తగలడం అంటే చెక్కకు చిల్లు పడటం, ఆ చిల్లు గుండా నీళ్ళు రావడం, ఆ నీటి బరువుకు ఓడ కిందికి దిగడం, దిగిన కొద్దీ అంతవరకు నీటికి పైన ఉన్న చిల్లులు కూడా నీటి కిందికి రావడం. ఓడను ముంచేది గుండు కాదు, నీరు. గుండు నీటికి తలుపు తీస్తుంది, అంతే.

ఆటగాళ్ళ ఓడకు ఏ నీటి నియమమో అస్థిపంజరాల ఓడకూ అదే నియమం. దాని అడుగున చిల్లు పడితే కిందనున్న అస్థిపంజరాలు దాన్ని పూడ్చడానికి పూనుకుంటాయి. కాబట్టి రెండు నిమిషాలకు ఒక గుండు తగిలించే ఆటగాడు రాత్రంతా కొట్టినా ఆ ఓడ మునగదు. వాళ్ళు పూడ్చే వేగం కంటే తాను చిల్లులు చేసే వేగం ఎక్కువ ఉండాలి. ఇక్కడ ఒక చక్కని ఎంపిక ఆటగాడి ముందుకు వస్తుంది. గుండును అడుగుకు గురిపెడితే నీళ్ళు ఎక్కుతాయి గానీ పైనున్న ఫిరంగులు కాలుస్తూనే ఉంటాయి. గుండును పై అంతస్తుకు గురిపెడితే ఫిరంగి దగ్గర నిలబడ్డ అస్థిపంజరం ఎముకలుగా చెల్లాచెదరై ఆ ఫిరంగి కాసేపు మూగబోతుంది గానీ, ఓడలోకి చుక్క నీరు కూడా ఎక్కదు. ఇద్దరే ఉన్న స్లూప్‌లో, ఒకరు కింద బకెట్‌తో నీళ్ళు తోడిపోస్తూ, చెక్క పలకలతో చిల్లులు పూడుస్తూ ఉంటే, పైనున్న ఒక్కరు చేతిలో ఉన్న ఒక్క ఫిరంగితో ఈ రెండిట్లో ఏది ముందో తేల్చుకోవాలి. ముందు ఫిరంగులను మూగబరిచి, ఆ మౌనం ఉన్నంతసేపు అడుగును కొట్టేవారు సాధారణంగా బతుకుతారు.

ఇంకా మెచ్చుకోదగ్గ సంగతి ఏమిటంటే శత్రువు ఎంత దెబ్బతిన్నాడో చెప్పే గీత గానీ అంకె గానీ తెర మీద ఉండదు. కళ్ళతో చూసి తెలుసుకోవాలి. నీళ్ళెక్కిన ఓడ బరువుగా, కిందికి కూర్చున్నట్టు కనిపిస్తుంది, దాని పక్కన ఉన్న ఫిరంగి రంధ్రాలకూ అలలకూ మధ్య దూరం తగ్గుతుంది. నది దాటించే పడవలో ఎంతమంది ఎక్కారో ఒడ్డున నిలబడి అంచు చూసి చెప్పే సరంగు చూపు లాంటిది అది. కొన్ని పోరాటాలు చేశాక ఆ చూపు ఆటగాడికీ అబ్బుతుంది, గుండ్లు వృథా చేయకుండా ఆగడం తెలుస్తుంది.

అస్థిపంజరాల ఓడలు మామూలు ఇనుప గుండ్లతో పాటు శాపపు గుండ్లను కూడా వాడతాయి. ఒకటి తగిలితే ఓడ లంగరు దానంతటదే పడిపోతుంది, ఒకటి తగిలితే మనుషులు తాగినట్టు తూలుతారు, ఇంకొకటి తగిలితే ఉన్నచోటనే గంతులు వేస్తారు. వీటిని పిల్లచేష్టలుగా కొట్టిపారేసేవారున్నారు. కానీ పరిశీలిస్తే ఇవి శత్రు ఓడ తెలివిలోని కొరతను పూడ్చడానికి వచ్చిన ఉపాయంలా కనిపిస్తాయి. ఆటగాడిని మోసపుచ్చి ఆగేలా చేయగల నైపుణ్యం యంత్రానికి లేదు కనుక లంగరు పడగొట్టే గుండును దాని చేతికిచ్చారు. పైగా అవే గుండ్లు ఆటగాళ్ళకూ దొరుకుతాయి, వారూ వాడవచ్చు. శత్రువుకు ఉన్న ఆయుధం తనకూ ఉండగలదన్న నమ్మకం ఉన్నచోట ఓటమి కూడా న్యాయంగానే అనిపిస్తుంది.

2020 జూన్‌లో హాంటెడ్ షోర్స్ నవీకరణతో అదే ఆటలోకి దెయ్యపు ఓడల దండు వచ్చింది. ఫ్లేమ్‌హార్ట్ అనే నాయకుడి తల ఆకాశంలో కనిపిస్తుంది, కింద ఆకుపచ్చని ఓడలు బారులు తీరి తిరుగుతాయి. వీటికి నీటి నియమం వర్తించదు. వీటి మీదికి ఎక్కి పోరాడలేము, వీటిలోకి నీళ్ళెక్కవు, తగినన్ని గుండ్లు తగిలితే పొగలా విడిపోతాయి. అంటే ఒక్కో ఓడగా చూస్తే ఇవి అస్థిపంజరాల ఓడ కంటే చాలా తేలికైన సరుకు. బలమంతా గుంపులోనే ఉంది. ముందే గీసినట్టున్న దారుల్లో బారుగా సాగే ఓడల మధ్యకు పోయినవారికి ఒక ఓడకు పక్క చూపితే ఇంకో ఓడకు వెనుక భాగం చూపక తప్పదు. ఇక్కడ ఆటగాడు చదవవలసింది ఒక శత్రువు మనసును కాదు, ఒక ఊరేగింపు దారిని. ఊరేగింపును ఒకసారి అర్థం చేసుకున్నవారికి రెండోసారి అంత ఉత్సాహం ఉండదు, ఇది ఆ పద్ధతికి ఉన్న సహజమైన హద్దు.

ఇంకో ఆటను కూడా ఇక్కడ తప్పక చెప్పుకోవాలి, అది చాలా పాతది. త్రీ రింగ్స్ అనే చిన్న సంస్థ 2003 చివర్లో విడుదల చేసిన పజిల్ పైరేట్స్‌లో ఓడల పోరు గళ్ళ బల్ల మీద జరుగుతుంది. ప్రతి వంతులోనూ రెండు ఓడల వారూ తమ ఎత్తులను, ఏ ఎత్తు తర్వాత ఏ పక్క ఫిరంగి పేల్చాలన్నదాన్నీ ముందుగా రహస్యంగా పేర్చి పెడతారు. గడువు ముగియగానే రెండు ఓడలూ ఒకేసారి కదులుతాయి. చదరంగంలో ఎదుటివాడి ఎత్తు చూశాకే మన ఎత్తు వేస్తాం. ఇక్కడ ఎదుటివాడు వేయబోయే ఎత్తును ఊహించి వేయాలి. ఎన్ని ఎత్తులు చేతిలో ఉంటాయన్నది కూడా ఊరికే రాదు. సిబ్బందిలో కొందరు తెరచాపల పజిల్ ఆడితే ఎత్తులు పుడతాయి, కొందరు వడ్రంగం పజిల్ ఆడితే చిల్లులు పూడతాయి, కొందరు నీళ్ళు తోడే పజిల్ ఆడితే ఓడ బరువు తగ్గుతుంది. ఇందులో కంప్యూటర్ నడిపే దొంగల ఓడను ఓడించడమంటే దాని అలవాటు పట్టుకోవడమే: అది దగ్గర దారి ఎంచుకుంటుందా, సుడిగుండం ఉన్న గడిలోకి వస్తుందా, రాతిని గుద్దుకుంటుందా. తెర మీద బొమ్మలు ముతకగా ఉన్నా, శత్రువు ఏమనుకుంటున్నాడు అన్న ప్రశ్నను ఈ పాత ఆట అడిగినంత సూటిగా తర్వాత వచ్చిన పెద్ద ఆటలు అడగలేదనే చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయానికి రావచ్చు. పైన చెప్పిన ఆటల్లో కంప్యూటర్ నడిపే యుద్ధపు ఓడలు దాదాపు అన్నీ ఒకే విధంగా ముగుస్తాయి: తాము మునిగేవరకో, ఆటగాడు మునిగేవరకో, ఆటగాడు అందనంత దూరం పారిపోయేవరకో పోరాడతాయి. నిజమైన తెరచాపల కాలంలో ఓడల నడవడి ఇలా ఉండేది కాదు. అందుకు ఉదాహరణ వెతుక్కుంటూ కరిబియన్ సముద్రం దాకా పోనవసరం లేదు, విశాఖపట్నం తీరంలోనే ఉంది.

1804 సెప్టెంబర్ 15న ఫ్రెంచి అడ్మిరల్ లినోయి మూడు యుద్ధనౌకలతో విశాఖపట్నం ముందుకు వచ్చాడు. అతని ప్రధాన నౌక మరెంగోకు 74 ఫిరంగులు, వెంట అతలాంత్, సెమియాంత్ అనే రెండు ఫ్రిగేట్లు ఉన్నాయి. రేవు బయట లంగరు వేసి ఉన్న బ్రిటిష్ నౌక సెంచూరియన్‌కు 50 ఫిరంగులే. దాని కాపలాలో ఉన్న బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తక నౌకలు పోరాటానికి పనికొచ్చేవి కావు. పోరాటం మొదలయ్యేసరికి సెంచూరియన్ కెప్టెన్ ఒడ్డు మీద ఉన్నాడు, ఓడను అతని కింది అధికారి నడిపించాడు. ఆటల లెక్క ప్రకారం ఇది ఎప్పుడో తేలిపోయిన పోరు. కానీ సెంచూరియన్ ఒడ్డు వైపు, లోతు తక్కువ ఉన్న నీళ్ళలోకి జరిగింది. ఎక్కువ లోతు కావలసిన మరెంగో అంత దగ్గరకు పోలేక దూరంనుంచే కాల్చవలసి వచ్చింది. ఒడ్డు మీది ఫిరంగులు కూడా సెంచూరియన్‌కు తోడయ్యాయి. బార్నబీ ఒడ్డున పడి పగిలిపోయింది, ప్రిన్సెస్ షార్లెట్ పట్టుబడింది, సెంచూరియన్ బాగా దెబ్బతింది. అయినా లినోయి దాన్ని పూర్తిగా ముగించకుండా, దొరికిన వర్తక నౌకను తీసుకుని వెళ్ళిపోయాడు. మరెంగో తెరచాప కొయ్య విరిగితే బాగు చేసుకోవడానికి దగ్గరలో ఫ్రెంచి రేవు లేదు. అతని స్థావరం సముద్రానికి ఆ చివరన, నేడు మారిషస్ అని పిలిచే దీవిలో ఉంది.

అదే లినోయి అంతకు ఏడు నెలల ముందు, 1804 ఫిబ్రవరిలో, పులో ఔరా దీవి దగ్గర ఇంకా పెద్ద అవకాశాన్ని వదులుకున్నాడు. చైనానుంచి విలువైన సరుకుతో వస్తున్న ఈస్టిండియా కంపెనీ వర్తక నౌకల దండు అతనికి ఎదురైంది. వాటికి కాపలాగా ఒక్క యుద్ధనౌక కూడా లేదు. ఆ దండు నాయకుడు నథానియెల్ డాన్స్ కొన్ని వర్తక నౌకల మీద యుద్ధనౌకల జెండాలు ఎగరేయించి, పోరాటానికి సిద్ధమైనట్టు బారు తీర్చాడు. లినోయి నమ్మాడు, కొద్దిసేపు కాల్పులు జరిపి వెనుదిరిగాడు. పైపెచ్చు వర్తక నౌకలే అతన్ని కొంతదూరం తరిమాయి. ఈ నిర్ణయాలకు నెపోలియన్ అతని మీద మండిపడ్డాడు. అతను చేసింది తప్పో ఒప్పో చరిత్రకారులు తేల్చవచ్చు, కానీ రెండు సందర్భాల్లోనూ అతను కొన్ని లెక్కలు వేసుకున్నాడు: ఎదుటివారి బలం ఎంత, నీటి లోతు ఎంత, దెబ్బతింటే ఇల్లు ఎంత దూరం. ఆ లెక్కల వల్లే అతన్ని భయపెట్టడం సాధ్యమైంది, మోసగించడం సాధ్యమైంది, అతని నుంచి తప్పించుకోవడం సాధ్యమైంది.

అస్థిపంజరాల ఓడను భయపెట్టలేము. దొంగ జెండాతో మోసగించలేము. సగం నీళ్ళెక్కి కుంటుతున్న ఓడ కూడా కొత్తగా తేలిన ఓడ ఎంత మొండిగా వస్తుందో అంతే మొండిగా వస్తుంది. దీనివల్ల పోరాటంలో మధ్యభాగం అన్నది లేకుండా పోతుంది. మనుషుల ఓడలు రెండు తలపడినప్పుడు అన్నిటికంటే ఉత్కంఠ కలిగించేది, గెలుస్తున్నది ఎవరో ఇద్దరికీ తెలిసిపోయిన ఆ క్షణం. ఓడుతున్న స్లూప్ గాలికి ఎదురుగా తిరుగుతుంది, ఎందుకంటే గాలికి ఎదురుగా స్లూప్ గాలియన్ కంటే వేగంగా పోగలదు. గెలుస్తున్న గాలియన్ వెంటాడాలా వదిలేయాలా అని తర్జనభర్జన పడుతుంది. కంప్యూటర్ ఓడతో పోరులో ఆ క్షణమే రాదు.

దీన్ని తయారీదారుల అజాగ్రత్త అనడం సబబు కాదు. శత్రువు పారిపోతే ఆటగాడికి నిధి దక్కదు. పావుగంట కష్టపడి, చెక్కలూ గుండ్లూ ఖర్చుపెట్టి, ఖాళీ చేతులతో మిగలడం ఎవరికీ నచ్చదు. పారిపోయే ఓడను పట్టుకోలేక చిన్న ఓడల వారు విసిగిపోతారు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. సీ ఆఫ్ థీవ్స్ సముద్రం ఆటగాళ్ళందరిదీ. ఒక అస్థిపంజరాల ఓడతో పోరాడుతున్న స్లూప్ ఫిరంగి మోతలు చాలా దూరం వినిపిస్తాయి, ఆ మోత విని మనుషులు నడిపే మూడో ఓడ దీపాలు ఆర్పుకుని వస్తుంది. కంప్యూటర్ ఓడ ఒకేచోట గిరికీలు కొడుతూ ఆటగాడిని అక్కడే కట్టిపడేస్తే ఆ మూడో ఓడకు పని సులువవుతుంది. ఈ విధంగా చూస్తే తెలివిలేని ఆ మొండితనమే సముద్రం మీద మనుషులను ఒకరి దగ్గరకు ఒకరిని చేర్చే పని చేస్తోంది. అయితే 2023 డిసెంబర్‌లో ఇతర ఆటగాళ్ళు లేకుండా ఆడుకునే సేఫర్ సీస్ పద్ధతి వచ్చాక, ఆ సముద్రంలో మూడో ఓడ రాదు. అక్కడ ఎదురయ్యే ఓడలన్నీ యంత్రం నడిపేవే. మొండితనానికి ఉన్న ఆ సాకు అక్కడ చెల్లదు, కొరత మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

భయాన్ని యంత్రానికి నేర్పడం అసాధ్యమేమీ కాదు. ఓడలో నీళ్ళు ఎంతవరకు ఎక్కాయి, ఎన్ని ఫిరంగులు పని చేస్తున్నాయి, గత నిమిషంలో తాను కొట్టిన దెబ్బలెన్ని, తిన్న దెబ్బలెన్ని అన్న నాలుగు సంగతులు ఆట దగ్గర ఎలాగూ ఉంటాయి. వాటిని కలిపి ఒక ధైర్యపు అంకెగా చేసి, అది ఒక హద్దు దిగగానే వెంటాడే తాడు వదిలి తప్పించుకునే తాడు బిగించవచ్చు. రేనాల్డ్స్ చెప్పిన కదలికల్లో రెండూ ఉన్నాయి. ఒక్కో నాయకుడికి ఆ హద్దు ఒక్కోచోట పెడితే, పిరికి నాయకుడి ఓడ ఏదో, మొండి నాయకుడి ఓడ ఏదో దాని జెండా చూసి ఆటగాళ్ళు పోల్చుకోవడం నేర్చుకుంటారు.

నిధి దక్కదన్న ఫిర్యాదుకు జవాబు కూడా ఆ కాలపు సముద్రంలోనే ఉంది. తరుముకొస్తున్న శత్రువునుంచి తప్పించుకోవడానికి ఓడ తేలిక కావాలి. అందుకు నీటి పీపాలు, సరుకు మూటలు, చివరకు ఫిరంగులను కూడా నావికులు సముద్రంలోకి తోసేసేవారు. పారిపోతున్న అస్థిపంజరాల గాలియన్ కూడా అలాగే ఒక్కో పెట్టెను వెనక్కి తోస్తూ పోతుందనుకుందాం. స్లూప్‌లోని ఇద్దరిలో ఒకరు తేలుతున్న పెట్టెల కోసం తెరచాప చుట్టమంటారు, ఇంకొకరు ఓడలో మిగిలిన పెద్ద పెట్టె కోసం తరమమంటారు, గాలియన్ మాత్రం నీళ్ళు ఓడుకుంటూ దీవి చాటుకు చేరుతూ ఉంటుంది.